తోయాలా, లాగాలా, విసరాలా? ఇరుకు చోట మంచు తీసే యంత్రాల ఎంపిక

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. అమెరికాలో మిషిగన్, మినసోటా లాంటి చలి రాష్ట్రాల్లో వీధి నుంచి గరాజ్ దాకా చాలా ఇళ్లకు సొంత దారి ఉంటుంది. దాన్నే డ్రైవ్‌వే అంటారు. రెండు కార్లు పక్కపక్కన పట్టే డ్రైవ్‌వే 18 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు ఉందనుకుందాం. రాత్రికి రాత్రి ఆరంగుళాల మంచు పడింది. అంటే 450 ఘనపుటడుగులు, దాదాపు పన్నెండు ముప్పావు ఘనమీటర్లు. కొత్తగా పడ్డ మంచు ఘనమీటరుకు వంద కిలోలు తూగుతుందనుకుంటే, తెల్లారేసరికి ఇంటి ముందు టన్నుం పావు బరువు వచ్చి కూర్చుంది. సున్నా డిగ్రీల అటూ ఇటూగా కురిసిన తడి మంచయితే ఘనమీటరుకు మూడు వందల కిలోలు కూడా తూగవచ్చు. అప్పుడు అదే ఆరంగుళాల మందం మూడు ముప్పావు టన్నులకు పైనే అవుతుంది. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. నడుముకూ ఇంజనుకూ మాత్రం తేడా మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది.

ఇన్ని టన్నుల సరుకును ఆ ఇంటివాళ్లు ఆఫీసుకు బయలుదేరేలోగా పక్కకు తీయాలి. ఒక పక్క పొరుగింటి కంచె, ఇంకో పక్క వాళ్ల కారు, ముందు వీధి, వెనక గరాజ్ తలుపు. ఎటు తోసినా ఏదో ఒకటి అడ్డు. విశాలమైన హైవే మీద మంచు తీయడానికి బలమూ వేగమూ ఉంటే చాలు. రోడ్డు పక్కన ఖాళీ స్థలం కావలసినంత ఉంటుంది. ఇరుకు చోట సమస్య వేరు. యంత్రం కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది ఎన్ని హార్స్‌పవర్ అని. ముందుగా అడగాల్సింది మాత్రం తీసిన మంచు ఎక్కడికి పోతుందని. ఆ ప్రశ్నకు జవాబు దొరికితే యంత్రం దానంతటదే తేలుతుంది. ఈ అధ్యాయంలో చెప్పబోయేదంతా ఆ ఒక్క మాటకు వివరణ.

కదిపితే గట్టిపడే పదార్థం

మంచుకు ఒక విచిత్రమైన గుణం ఉంది. కదిపిన తర్వాత ఊరికే వదిలేస్తే గట్టిపడుతుంది. ఆకాశం నుంచి దిగిన స్ఫటికాలకు కొమ్మలు, రెమ్మలు ఉంటాయి. వాటి మధ్య గాలి నిండి ఉంటుంది కాబట్టి మంచు తేలిగ్గా ఉంటుంది. బ్లేడు తోసినప్పుడు ఆ కొమ్మలు విరిగి, రేణువులు దగ్గరికి జరుగుతాయి. మంచు సాధారణంగా తన కరిగే ఉష్ణోగ్రతకు దగ్గరలోనే ఉంటుంది. అందువల్ల ఒకదానికొకటి తగిలిన చోట రేణువుల మధ్య మెడలాంటి అతుకులు పుట్టి క్రమంగా లావెక్కుతాయి. లోహపు పొడిని వేడిచేసి ముద్దగా మార్చే పరిశ్రమల్లో జరిగేది కూడా ఇదే. శాస్త్రవేత్తలు దీన్ని సింటరింగ్ అంటారు. వానాకాలంలో డబ్బాలో ఉప్పు గడ్డకట్టినట్టు, రేణువులన్నీ కలిసి ఒకే గడ్డ అవుతాయి.

ఈ గుణాన్ని అమెరికా సైన్యం ఒకసారి ఇటుక, సున్నం బదులు వాడుకుంది. 1959, 1960 సంవత్సరాల్లో వాయవ్య గ్రీన్‌లాండ్ మంచు పలక లోపల క్యాంప్ సెంచురీ అనే స్థావరం కట్టారు. స్విట్జర్లాండ్‌లో తయారైన పీటర్ ప్లౌ అనే యంత్రాలతో మంచును మరపట్టి, పొడిగా పైకి విసిరి కందకాలు తవ్వారు. వాటిపైన వంపు తిరిగిన ఇనుప రేకులు పరిచి, వాటి మీద అదే మంచుపొడిని పోశారు. ఆ పొడి గట్టిపడి పైకప్పుగా నిలిచింది.

డ్రైవ్‌వే చివర జరిగేది కూడా చిన్న ఎత్తున ఇదే. మున్సిపాలిటీ ప్లౌ, అంటే బ్లేడుతో మంచు తోసే బండి, వీధిని శుభ్రం చేసుకుంటూ వెళ్తుంటే, దాని బ్లేడు పక్కనుంచి జారిన మంచు ప్రతి ఇంటి దారికీ అడ్డంగా గట్టులా పడుతుంది. అందులో పొడి మంచుతోపాటు రోడ్డు మీది బురద మంచు, ఉప్పునీళ్లు, చక్రాల కింద నలిగిన గడ్డలు ఉంటాయి. పడిన అరగంటలో తీస్తే పార దిగుతుంది. సాయంత్రం దాకా వదిలేస్తే గునపం కావాలి. డ్రైవ్‌వేలో పడ్డ మంచును చూసి యంత్రం కొనేవాళ్లు ఈ గట్టును మరిచిపోతుంటారు. నిజానికి యంత్రం సత్తా తేలేది ఈ చివరి మూడడుగుల దగ్గరే.

మూడు పనులు

మంచును ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చడానికి ముఖ్యమైన దారులు మూడు: తోయడం, లాగడం, విసరడం. ఈ మూడూ కుదరని చోట నాలుగోది, బకెట్‌తో ఎత్తి లారీలో పోసి తరలించడం. ఖర్చు ఎక్కువ కాబట్టి దాన్ని చివరి అస్త్రంగా ఉంచుకుంటారు.

తోయడం పాత పద్ధతి. 1862లో మిల్వాకీ నగరంలో గుర్రాలు లాగే బండికి బ్లేడు కట్టి వీధులు శుభ్రం చేసినట్టు దాఖలా ఉంది. విసరడం రైలు మార్గాల మీద మొదలైంది. 1869లో టొరంటోకు చెందిన జె.డబ్ల్యు. ఎలియట్ అనే దంతవైద్యుడు తిరిగే చక్రంతో మంచు విసిరే యంత్రాన్ని ఊహించాడు. 1884లో ఒంటారియోకే చెందిన ఆరెంజ్ జల్ దాన్ని మెరుగుపరిచాడు. రోడ్ల మీదికి ఆ యంత్రాన్ని తెచ్చినవాడు క్యుబెక్ రైతుబిడ్డ ఆర్థర్ సికార్డ్. పొలంలో నూర్పిడి యంత్రం పనిచేసే తీరు చూసి, ధాన్యాన్ని లోపలికి లాక్కున్నట్టు మంచును లాక్కుని బయటికి విసిరితే ఎలా ఉంటుందని ఆలోచించాడు. 1925లో యంత్రం తయారైంది. 1927లో మాంట్రియల్‌ను ఆనుకుని ఉన్న ఉట్రెమాన్ పట్టణం దాన్ని కొన్నది.

తోయడానికీ విసరడానికీ ఖర్చయ్యే శక్తిలో ఎంత తేడా ఉందో చూద్దాం. ఒక కిలో మంచును నేల మీద 15 మీటర్లు తోస్తున్నాం. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే దానికి పట్టే పని సుమారు 45 జౌళ్లు. అదే కిలోను విసరాలి. ఇంట్లో వాడే పెద్దరకం స్నో బ్లోయర్‌లో, అంటే మంచు విసిరే యంత్రంలో, విసురు చక్రం అడుగు వ్యాసం ఉండి, నిమిషానికి 1,100 చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు సుమారు 17.5 మీటర్లు. ఆ వేగాన్ని కిలో మంచుకు ఇవ్వడానికి సుమారు 153 జౌళ్లు కావాలి. మంచును తరిగి లోపలికి లాగే పని దీనికి అదనం. విసరడం తోయడానికి మూడు రెట్లకు పైగా ఖరీదైన పని. మరి ఎందుకు విసరాలి? తోసిన మంచు బ్లేడు ముందే ఉంటుంది; దానికి ఆనుకుని చోటు కావాలి. విసిరిన మంచు కంచె దాటి, పూలమడి దాటి, మూడు నాలుగు కార్ల పొడవున అవతల పలచగా పరుచుకుంటుంది. చోటు లేనప్పుడు అదనపు శక్తి ఖర్చుపెట్టి దూరాన్ని కొనుక్కుంటున్నామన్నమాట.

తోయడం: బ్లేడు లెక్క

పికప్ ట్రక్కు ముందు బిగించే సాదా బ్లేడును తిన్నగా ఉంచి తోస్తే మంచు ముందు పోగై రెండు పక్కలా జారుతుంది. అందుకే దాన్ని ఒక పక్కకు ముప్పై డిగ్రీలు తిప్పుతారు. మంచు ఒకవైపే జారి గట్టుగా పడుతుంది. తర్వాతి దఫాలో ఆ గట్టును ఇంకాస్త పక్కకు జరుపుతారు. ఇక్కడొక చిన్న త్రికోణమితి దాగి ఉంది. ఏడున్నర అడుగుల బ్లేడు అంటే 90 అంగుళాలు. ముప్పై డిగ్రీలు తిప్పగానే అది శుభ్రం చేసే వెడల్పు 78 అంగుళాలకు పడిపోతుంది. పెద్ద పికప్ ట్రక్కు వెడల్పు 80 అంగుళాలు. అంటే బ్లేడు తీయని మంచు మీదికి చక్రం ఎక్కుతుంది. చక్రం తొక్కిన మంచు నేలకు అతుక్కుపోతుంది, ఆ చార తర్వాత ఏ బ్లేడుకూ తేలిగ్గా లొంగదు. ఎనిమిదడుగుల బ్లేడయితే తిప్పాక 83 అంగుళాలు మిగులుతుంది, చక్రాలు శుభ్రమైన నేల మీదే నడుస్తాయి. ఇరుకు చోటుకు చిన్న బ్లేడు మేలని అనిపించడం సహజమే. బండి వెడల్పు కంటే చిన్నదైతే పని రెండింతలవుతుంది.

ఆ గట్టే ఇరుకు చోట అసలు తలనొప్పి. ఒక పక్క గోడ, మరో పక్క నిలిపి ఉన్న కార్లు ఉంటే గట్టుకు చోటెక్కడ? దీనికి మూడు రకాల విరుగుడు కనిపెట్టారు. మొదటిది వి ఆకారపు ప్లౌ. మధ్యలో కీలు ఉండి రెండు రెక్కలూ విడివిడిగా కదులుతాయి. మొన ముందుకు పెడితే గట్టిపడ్డ మంచును చీల్చుకుంటూ పోతుంది. రెక్కలు ముందుకు మడిస్తే దోసిలిలా మారి, పక్కలకు పెద్దగా జారకుండా మంచును మూలదాకా మోస్తుంది. రెండోది, చివర్లు సాగే, మడిచే రెక్కల బ్లేడు. ఖాళీ చోట వెడల్పుగా, కార్ల సందులో కురచగా వాడుకోవచ్చు. మూడోది పుషర్ బాక్సు. బ్లేడుకు రెండు పక్కలా నిలువు రేకులు బిగిస్తే గట్టు అన్నదే ఉండదు. ఎనిమిదడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు, మూడడుగుల లోతున్న పెట్టెలో 72 ఘనపుటడుగుల మంచు పడుతుంది. అయితే దీన్ని తిన్నగా తోసుకుపోవాలి, చివర కుప్ప వేసేందుకు ఎదురుగా చోటుండాలి.

బండి తిరిగేందుకు చోటు

అమెరికాలో మామూలుగా ఒక కారు నిలిపే గడి 9 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు ఉంటుంది. రెండు వరసల మధ్య దారి 24 అడుగులు. ఈ దారిలో యంత్రం తిరగాలి. బండి మలుపు వృత్తం ముందు, వెనక చక్రాల మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది. చక్రాలు ఒకే కోణంలో తిరుగుతాయనుకుంటే, దూరం ఎన్ని రెట్లు పెరిగితే వృత్తం కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. రెండు తలుపుల జీప్ ర్యాంగ్లర్‌లో ఆ దూరం 97 అంగుళాలు. ముప్పావు టన్ను తరగతి పికప్‌లో ఒంటి క్యాబిన్ ఉన్నదానికే దాదాపు 142 అంగుళాలు. అంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. దానికి తోడు ముందు వేలాడే బ్లేడు మూడు నాలుగడుగులు అదనం. పాతకాలపు చిన్న జీపులకు ప్లౌ బిగించి ఇరుకు డ్రైవ్‌వేలు తీసేవాళ్లు నేటికీ ఉన్నారంటే కారణం ఇదే.

బరువు సంగతి కూడా చూడాలి. 350 కిలోల ప్లౌను ముందు చక్రాల ఇరుసుకు 1.2 మీటర్ల ముందు వేలాడదీశామనుకోండి, చక్రాల మధ్య దూరం 3.6 మీటర్లు. మీట సూత్రం ప్రకారం ముందు ఇరుసు మీద పడే అదనపు భారం 350 కిలోలతో ఆగదు, 467 కిలోలవుతుంది. వెనక ఇరుసు 117 కిలోలు తేలికపడుతుంది. తేలికపడ్డ వెనక చక్రాలు మంచు మీద జారతాయి, బ్రేకు వేస్తే బండి అడ్డం తిరుగుతుంది. అందుకే ప్లౌ బిగించినవాళ్లు ట్రక్కు తొట్టిలో వెనక ఇరుసుకు ఇంకా వెనగ్గా ఇసుక మూటలు వేసి కడతారు. తలుపు అంచున అతికించిన పట్టీ మీద ముందు ఇరుసు ఎంత మోయగలదో రాసి ఉంటుంది. కొనే ముందు ఆ అంకె చూడటం తప్పనిసరి.

ఇరుకు చోటికోసమే పుట్టిన యంత్రం ఇంకొకటుంది. 1957లో మినసోటాలోని రాథ్‌సే అనే పల్లెలో కెల్లర్ సోదరులు సిరిల్, లూయిస్ ఒక రైతు కోసం చిన్న లోడర్ చేసిచ్చారు. టర్కీ కోళ్ల కొట్టంలో స్తంభాల మధ్య తిరుగుతూ పెంట ఎత్తడం దాని పని. మామూలు ట్రాక్టరు అక్కడ తిరగదు. ఒక పక్క చక్రాన్ని ముందుకూ మరో పక్క చక్రాన్ని వెనక్కూ తిప్పి, ఉన్నచోటే గిరుక్కున తిరిగేలా దాన్ని తయారు చేశారు. నార్త్ డకోటాలోని మెల్రో కంపెనీ దాన్ని నాలుగు చక్రాల బండిగా మార్చింది. అదే తర్వాత బాబ్‌క్యాట్ పేరుతో ప్రసిద్ధమైన స్కిడ్ స్టీర్. కోళ్ల కొట్టంలో స్తంభాల మధ్య తిరగగలిగింది కార్ల మధ్య తిరగలేదా? దానికి చిన్న పుషర్ బాక్సు తగిలిస్తే మూలలు శుభ్రమవుతాయి. బాక్సు తీసి బకెట్ తగిలిస్తే అదే బండి కుప్పను ఎత్తి పైకి పోస్తుంది. ఇంకో సంగతి: మంచు మీద దీనికి రబ్బరు పట్టాల కన్నా మంచు టైర్లు మేలు. వెడల్పాటి పట్టా బరువును పరిచేస్తుంది, గట్టిపడ్డ మంచు మీద పట్టు దొరకదు; సన్నని టైరు బరువునంతా ఒక్కచోట మోపి కొరుకుతుంది.

లాగడం: గరాజ్ తలుపు దగ్గర

ముందు బ్లేడున్న ట్రక్కు గరాజ్ తలుపు దాకా తోసుకుంటూ వెళ్లలేదు. మంచంతా తలుపుకే ఆనుకుంటుంది. తలుపు దగ్గరికి వెళ్లి బ్లేడు దించి వెనక్కి లాగాలి. ఇక్కడ బ్లేడు తీరు ఎదురు తిరుగుతుంది. ముందుకు పోతున్నప్పుడు బ్లేడు వాలు వల్ల దాని అంచు నేలను గీరుతుంది. వెనక్కి లాగినప్పుడు అదే వాలు అంచును మంచు మీదికి ఎక్కిస్తుంది, గీరడం బదులు నునుపు చేస్తుంది. కింద అంగుళం మందాన పొర మిగిలిపోతుంది, రాత్రికి అది గాజులా గట్టిపడుతుంది. బ్లేడును కిందికి అదిమే హైడ్రాలిక్ ఏర్పాటు ఉంటే కొంత నయం.

అసలు విరుగుడు వెనక బ్లేడు. ట్రక్కు వెనక, లాగడానికే వంచి చేసిన బ్లేడు ఒకటి బిగిస్తారు. డ్రైవ్‌వేలోకి వెనక్కి నడుపుతూ తలుపు దాకా వెళ్లి, బ్లేడు దించి, వీధి వైపు తిన్నగా బయటికి వస్తే ఒక దఫాలో దారి తేలుతుంది. డ్రైవరు ముందుకు చూస్తూ నడుపుతాడు కాబట్టి ప్రమాదం కూడా తక్కువ. ఒకే వరసలో ఇరవై, ముప్పై ఇళ్లు కాంట్రాక్టుకు తీసుకున్నవాళ్లకు ఇది చాలా సమయం మిగులుస్తుంది. లాగుకొచ్చిన మంచును వీధిలో వదిలేయకూడదు, అవతలి గట్టు మీదికి దాటించనూ కూడదు. రోడ్డు మీదికి మంచు తోయడాన్ని మిషిగన్, మినసోటా రాష్ట్రాల చట్టాలు నిషేధించాయి. దారి చివర పక్కకు తిప్పి తమ పెరటి అంచునే పెట్టాలి.

విసరడం: చక్రం, గొట్టం, పిన్ను

నడుస్తూ తోసుకెళ్లే స్నో బ్లోయర్లలో ముఖ్యంగా రెండు రకాలు. సింగిల్ స్టేజ్‌లో ఒకే ఒక తిరిగే కడ్డీ, దానికి రబ్బరు రెక్కలు. అవే నేలను తాకి మంచును లోపలికి లాగి, అవే పై గొట్టంలోంచి విసురుతాయి. తేలిక, చవక, నేల దాకా శుభ్రంగా తీస్తుంది. వెడల్పు సాధారణంగా 18 నుంచి 22 అంగుళాలు. అయితే రబ్బరు రెక్కలు నేలను తాకుతాయి కాబట్టి కంకర దారిలో రాళ్లను కూడా విసిరికొడుతుంది. డ్రైవ్‌వే చివరి గట్టు ముందు దీని బలం చాలదు.

టూ స్టేజ్‌లో పని రెండు భాగాలైంది. ముందు ఇనుప మరచుట్టు నెమ్మదిగా తిరుగుతూ గట్టి మంచును తరిగి మధ్యకు చేరుస్తుంది. వెనకున్న విసురు చక్రం వేగంగా తిరుగుతూ దాన్ని గొట్టంలోంచి బయటికి కొడుతుంది. విస్కాన్సిన్‌లోని ఏరియన్స్ కంపెనీ 1960లో ఇలాంటి యంత్రాన్ని మార్కెట్లోకి తెచ్చింది. తరిగే వేగం, విసిరే వేగం వేరుచేయడంలోనే దాని తెలివి ఉంది. ఇది నిమిషానికి టన్ను మంచు విసురుతుందనుకుంటే, ఇందాకటి 153 జౌళ్ల లెక్కన విసరడానికే రెండున్నర కిలోవాట్ల దాకా కావాలి. తరగడం, రాపిడి, చక్రాలు తిప్పడం కలుపుకుంటే ఏడెనిమిది హార్స్‌పవర్ ఇంజను ఎందుకు పెడతారో అర్థమవుతుంది.

ఈ యంత్రంలో చిటికెన వేలంత పిన్ను ఒకటుంటుంది, పేరు షియర్ పిన్. మరచుట్టును ఇరుసుకు పట్టి ఉంచేది అదే. మంచులో కప్పబడిపోయిన దినపత్రిక కట్టో, గడ్డకట్టిన రాయో చుట్టులో ఇరుక్కుంటే ఆ మెత్తని పిన్ను తెగిపోతుంది, ఖరీదైన గేర్‌బాక్సు బతుకుతుంది. తెగడమే దాని ఉద్యోగం. దాని బదులు గట్టి బోల్టు బిగించేవాళ్లు గేర్‌బాక్సును పణంగా పెడుతున్నారు.

బ్యాటరీతో నడిచే బ్లోయర్లు కూడా ఇప్పుడు ఉన్నాయి. పొగ లేదు, తాడు లాగే పని లేదు. చలిలో లిథియం బ్యాటరీ సామర్థ్యం తగ్గుతుంది కాబట్టి దాన్ని గరాజ్‌లో వదలకుండా ఇంట్లో పెట్టుకోవాలి. ఒంటి కారు డ్రైవ్‌వేకు సరిపోతాయి.

విసిరే విద్యలో ఆరితేరినవాళ్లను చూడాలంటే మాంట్రియల్ వెళ్లాలి. ఇళ్లు ఒరుసుకుని ఉంటాయి, డ్రైవ్‌వేలు ఒక కారు వెడల్పే. అక్కడి కాంట్రాక్టర్లు ట్రాక్టరు వెనక పెద్ద బ్లోయరును ముఖం ముందుకు తిప్పి బిగిస్తారు. ట్రాక్టరు వెనక్కి నడుస్తూ గరాజ్ దగ్గరికి వెళ్తుంది, బ్లోయరు దించుతుంది, ముందుకు వస్తూ మంచును లాక్కుని పక్కనున్న పచ్చిక మీదికి విసురుతుంది. లాగడం, విసరడం ఒకే దఫాలో అయిపోతాయి. శరత్కాలంలోనే ప్రతి డ్రైవ్‌వే అంచున కొయ్యలు పాతి ఉంచుతారు, మంచు కప్పేశాక దారి ఎక్కడ ఆగి పచ్చిక ఎక్కడ మొదలవుతుందో డ్రైవరుకు తెలియడానికి.

నేలను బట్టి అంచు

బ్లేడు నేలను తాకే అంచు కూడా ఎంచుకోవాల్సిందే. తారు నేలకు ఉక్కు అంచు సరిపోతుంది, గట్టిపడ్డ పొరను గీరుతుంది. ఇటుకలు, అలంకరణ రాళ్లు పరిచిన చోట ఉక్కు గీతలు పెడుతుంది. అక్కడ రబ్బరు లేదా పాలీయురేథేన్ అంచు మేలు. కంకర దారికి స్కిడ్ షూ అనే ఇనుప పాదాలను సర్ది, బ్లేడును అంగుళం పైకి లేపి ఉంచాలి. కాలిబాట అంచులు, మ్యాన్‌హోల్ మూతలు ఉన్న చోట బ్లేడు అడుగు స్ప్రింగుతో మడతపడే రకం ఉండాలి. తగిలిన దెబ్బ స్ప్రింగు మింగుతుంది, డ్రైవరు ఛాతీ స్టీరింగుకు కొట్టుకోదు.

కుప్పకు చోటు

ఇప్పుడు పార్కింగ్ లాట్ లెక్క చూద్దాం. అరవై కార్ల చిన్న లాట్ రమారమి 20,000 చదరపుటడుగులు. ఆరంగుళాల మంచు పడితే 10,000 ఘనపుటడుగులు. తోసి కుప్ప వేస్తే నలిగి మూడో వంతుకు దిగుతుంది, 3,300 ఘనపుటడుగులు. సగటున అయిదడుగుల ఎత్తు కుప్పకు 660 చదరపుటడుగుల నేల కావాలి. అంటే నాలుగు గడులు. అలాంటి తుఫాన్లు అయిదు వచ్చి మధ్యలో మంచు కరగకపోతే ఇరవై గడులు, మూడో వంతు లాట్, కుప్పల కింద పోతుంది. ఎంత గొప్ప ప్లౌ అయినా ఈ లెక్కను మార్చలేదు. కుప్పను నిలువుగా పేర్చే లోడరు, పక్క ఖాళీ స్థలంలోకి విసిరే బ్లోయరు, మోసుకెళ్లే లారీ మాత్రమే మార్చగలవు.

అమెరికాలోని తెలుగువాళ్లకు ఇది గుళ్ల దగ్గర అనుభవంలోకి వచ్చే సంగతి. ముక్కోటి ఏకాదశి, సంక్రాంతి నడి చలికాలంలో వస్తాయి. భక్తులు ఎక్కువగా వచ్చే రోజున లాట్‌లో గడులు తక్కువగా ఉంటాయి. పిట్స్‌బర్గ్ పక్కన పెన్ హిల్స్‌లోని శ్రీ వేంకటేశ్వరాలయంలా కొండవాలున ఉన్న చోట వాలు సంగతి కూడా చూసుకోవాలి. కుప్పను ఎగువన వేస్తే పగలు కరిగిన నీరు లాట్ అంతా పారి, రాత్రికి కనిపించని గాజు పొర అవుతుంది. దిగువన, నీరు పోయే తూముకు దగ్గరగా, తూమును మూయకుండా వేయాలి. వికలాంగుల గడులు, వాటి పక్కనుండే గీతల ఖాళీ, అగ్నిమాపక నీటి గొట్టాలు, మలుపుల్లో డ్రైవరు చూపు ఆనే మూలలు, వీటి మీద కుప్ప పడకూడదు. చక్రాల కుర్చీలో వచ్చే మనిషికి ఆ గీతల ఖాళీ లేకపోతే కారు దిగే మార్గమే లేదు. గడి శుభ్రం చేసి ఆ ఖాళీని కుప్పతో నింపితే చేసిన పని వృథా.

యంత్రం నేలను ఎంత శుభ్రంగా గీరితే ఉప్పు అంత తక్కువ పడుతుంది. మామూలు రాతి ఉప్పు మైనస్ 9 డిగ్రీల కింద దాదాపు పనిచేయదు. కరిగిన ఉప్పు చెరువుల్లోకి చేరాక తిరిగి రాదు. ఒక టీస్పూను ఉప్పు అయిదు గ్యాలన్ల, అంటే 19 లీటర్ల మంచినీటిని శాశ్వతంగా పాడుచేస్తుందని మినసోటా కాలుష్య నియంత్రణ సంస్థ ప్రజలకు చెబుతోంది.

ఒళ్లు జాగ్రత్త

పారతో తీస్తే ఖర్చు లేదనుకోవడం పొరపాటు. 1990 నుంచి 2006 వరకు అమెరికా ఆస్పత్రుల లెక్కలు తీసిన ఒక అధ్యయనంలో, పారతో మంచు తీస్తూ గాయపడో, అస్వస్థత పాలయ్యో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లు ఏడాదికి సగటున 11,500 మంది. ఆ పదిహేడేళ్లలో 1,647 మంది గుండె సమస్యలతో చనిపోయారు. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది. అదే సమయంలో ఊపిరి బిగపట్టి చేతులతో బరువెత్తుతాం. ఏడాదంతా కుర్చీలో కూర్చుని పనిచేసే నడివయసు మనిషికి ఇది పెద్ద పరీక్ష. అమెరికాలో పిల్లల దగ్గరికి చలికాలంలో వచ్చిన తల్లిదండ్రులు ఖాళీగా ఉన్నాం కదా అని పార పట్టుకుంటారు. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవాళ్ల చేతికి పార ఇవ్వకూడదు.

బ్లోయరు ప్రమాదం వేళ్లకు. తడి మంచు గొట్టంలో ఇరుక్కుంటుంది, దాన్ని చేత్తో తీయాలనిపిస్తుంది. ఇంజను ఆపేసినా బెల్టులో బిగువు మిగిలి ఉంటుంది. అడ్డు తొలగగానే చక్రం ఒక్క ఉదుటున తిరుగుతుంది. యంత్రంతో ఇచ్చే ప్లాస్టిక్ కర్రతోనే తీయాలి, ఎప్పుడైనా సరే. తలుపు మూసిన గరాజ్‌లో పెట్రోలు ఇంజను నడపకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఎంపిక

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మంచు ఎక్కడికి పోవాలి? ఒంటి కారు డ్రైవ్‌వే, తారు నేల, పక్కనే పచ్చిక ఉన్న టౌన్‌హోమ్‌కు సింగిల్ స్టేజ్ లేదా బ్యాటరీ బ్లోయరు చాలు. రెండు కార్ల దారి, చివర ప్లౌ వదిలే గట్టు ఉన్న ఇంటికి 24 నుంచి 28 అంగుళాల టూ స్టేజ్ కావాలి. కంకర దారికి టూ స్టేజే, పాదాలు ఎత్తి. వరసగా ఇళ్లు తీసే కాంట్రాక్టరుకు, చుట్టూ విసిరే చోటుంటే ట్రాక్టరు వెనక తిప్పిన బ్లోయరు, దారి చివర పక్కకు చోటుంటే ట్రక్కుకు వెనక బ్లేడు. యాభై అరవై కార్ల లాట్‌కు స్కిడ్ స్టీర్, చిన్న బాక్సు, ఒక బకెట్. లాట్ కాస్త విశాలమైతే వి ప్లౌ ఉన్న ట్రక్కు తోడు. 2022 నవంబరులో ఈరీ సరస్సు మీదుగా వచ్చిన చలిగాలి ఆ వెచ్చని నీటి ఆవిరిని మోసుకొచ్చి బఫలో దక్షిణ శివార్లలో దాదాపు 80 అంగుళాలు కురిపించింది. అలాంటప్పుడు తోయడం ఏ ప్లౌ వల్లా కాదు. ఎత్తి మోసే లోడర్లే దిక్కు.

కొలవడానికి మంచి సమయం అక్టోబరు, నేల కనిపిస్తున్నప్పుడు. టేపు పట్టుకుని దారి వెడల్పు, తిరిగేందుకు చోటు, గోడలు, తూములు, వాలు రాసుకోండి. కాగితం మీద కుప్పకు చోటు గుర్తించండి, అది ఎన్ని తుఫాన్లకు సరిపోతుందో పైన చెప్పిన లెక్క వేసి చూడండి. చోటు చాలినంత ఉంటే తోసే యంత్రం, తలుపు అడ్డొస్తే లాగే యంత్రం, చోటే లేకపోతే విసిరేది లేదా ఎత్తేది. హార్స్‌పవర్ సంగతి దుకాణంలో ఆఖరున అడిగినా ఆలస్యం కాదు.